వెంట్రుకలు సామివి, వేళ్ళు నావి

“నా కొడుకు వేళ్ళు కొయ్యమని చెప్పేదానికి నువ్వెవురే?”

“నేను చెప్పినానా అత్తా? డాక్టరు చెప్పినాడు. కొయ్యకపోతే మణికట్టు దాకా ఎక్కుతాదంట. నువ్వు తవుడు మూట పెట్టకుండా ఉంటే ఈ గతి వచ్చేదా?”

“వచ్చిందమ్మా, ఇప్పుడు నా తవుడు మీదకి! నీ మొగుడికి పుట్టినప్పటి నుంచీ యాడ నొప్పి తగిలినా ఆ కాపడమే పెట్టినా. ఏనాడన్నా కాలిందా?”

“అప్పుడు సుర్రుమంటే నీ కొడుకు అరిచుంటాడు, నువ్వు తీసుంటావు. కట్టెగా ఉండే చేతికి పెడితే అరిచేదెవురు?”

లోపల అత్తాకోడళ్ళు ఇలా కేకలేసుకుంటుంటే, ఆ వేళ్ళు ఎవరివో ఆ మనిషి బయట అరుగు మీద కూర్చుని వింటున్నాడు. తన వేళ్ళ గురించి తనను తప్ప అందరినీ అడుగుతున్నారు. కుడిచేతి కట్టు వైపు చూసుకున్నాడు. కట్టులోంచి నాలుగు వేళ్ళ కొసలు బయటికి కనబడుతున్నాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలు వంకాయ రంగు దాటి నలుపులో పడ్డాయి. మిగతా రెండూ ఇంకా ఊదారంగులోనే ఉన్నాయి. బొటనవేలు ఒక్కటి దెబ్బ తగలకుండా బయటపడింది.

అతని పేరు ఆదికేశవులు. ముప్పై నాలుగేళ్ళవాడు. తమిళనాడులో తిరువళ్ళూరు పక్కన, పూండి దారిలో ఊరు. తాతల తాతల నుంచీ సేద్యమే. ఆ ఇంట్లో మిషను ముట్టిన మొదటివాడు ఇతనే. పద్దెనిమిదేళ్ళప్పుడు తిరువళ్ళూరు ఐసు ఫ్యాక్టరీలో గడ్డలు మోసే పనికి చేరాడు. ఇనుప కొక్కెంతో గడ్డను ఈడ్చి లారీకి ఎక్కించడం, రోజంతా అదే. నాలుగేళ్ళు అది చేసి, ఆ తరువాత మిషను తుడిచే పనికి మారి, చూసి చూసి నేర్చుకుని, కంప్రెసర్ ఆపరేటరు అయ్యాడు. గేజీ చూడకముందే పైపు మీద నాలుగు వేళ్ళు ఆనించి, “ఇది కొంచెం ఎక్కువ లాగతాండాది” అనేవాడు. గేజీ కూడా అదే చెప్పేది. ఆ వేళ్ళు పోతే ఆదికేశవులుకు మిగిలేది గేటు పక్కన స్టూలు. మేనేజరు ఆ మాట అప్పుడే అనేశాడు: “భయపడొద్దప్పా, వాచ్‌మన్‌గా పెట్టుకుంటాం. స్టూలు ఏసి కూర్చోపెడతాం.” మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆదికేశవులుకు డాక్టరు కత్తి కంటే ఆ స్టూలే ఎక్కువ గుచ్చుకుంది.

దెబ్బ తగిలింది 1983 మే నెలలో, అగ్నినక్షత్రం మండిపోతున్న రోజుల్లో. ఐసు గిరాకీకి అదే అదను. వాల్వు చక్రం మంచు పట్టి బిగుసుకుపోయింది. అలాంటప్పుడు అక్కడ అందరూ చేసే పనే ఇతనూ చేశాడు. తుండుగుడ్డ నీళ్ళలో ముంచి, చేతికి చుట్టుకుని, చక్రం పట్టి తిప్పాడు. వాల్వు మెడ దగ్గర ప్యాకింగు ఊడి, లోపల ఐసు కట్టించే అమోనియా నీళ్ళలా చిమ్మి ఆ తడి తుండు మీద పడింది. ఐసుగడ్డ చలి దాని ముందు ఒక చలేనా? తుండు రాయిలా గడ్డకట్టి చేతికి అంటుకుపోయింది. తోటివాళ్ళు ఊపిరి బిగబట్టి అతన్ని బయటికి లాగి, తుండు పట్టి ఒక్క గుంజు గుంజారు. దానితో పాటు కొంత తోలూ వచ్చింది. ఆ తరువాతగానీ ఎవరికీ నీళ్ళు పోయాలని తోచలేదు. అప్పటికి వేళ్ళు మైనపు వత్తుల్లా తెల్లబడి, గిల్లితే తెలియకుండా ఉన్నాయి.

ఊరంతా నవ్వింది. “అగ్నినక్షత్రంలో చలికి చెయ్యి పొయ్యిందంట! మనకంతా ఒళ్ళు మాడతాంటే నీకేమప్పా, హిమాలయాల్లో ఉద్యోగమా?” ఆదికేశవులూ నవ్వాడు. రాత్రికి చేతిలో స్పర్శ లేదు. తల్లి గోవిందమ్మ తవుడు పెనం మీద వేయించి, గుడ్డలో మూటగట్టి, ఆ చేతికి పెట్టింది. తెలియడం లేదంటే ఇంకొంచెం వేడిచేసి పెట్టింది. తెల్లారేసరికి పొక్కులు.

వారం తిరిగేసరికి ఆసుపత్రిలో డాక్టరు నాలుగు వేళ్ళూ తీసేయాలన్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. నల్లబడిన వేలును చూస్తే అప్పట్లో చాలామంది చెప్పే మాట అదే. సోమవారం రమ్మన్నాడు. మొదట్లో మనం విన్న తగువు, ఆ సోమవారానికి రెండు రోజుల ముందుది.

ఆదికేశవులు అరుగు మీంచి లేచి గడపలో నిలబడ్డాడు.

“ఇద్దురూ కొంచెం నోరు మూయండి. సోమారం నేను ఆసుపత్రికి పోను.”

“మరి యాడికి పోతావు?” అంది భార్య పుష్పవల్లి.

“మద్రాసుకి. వరదన్ వస్తానన్నాడు.”

వరదన్ ఫ్యాక్టరీ కంప్రెసర్లు బాగుచేయడానికి మద్రాసు నుంచి వచ్చే మెకానిక్కు. అంతకు ముందు ఓడరేవు దగ్గర, సముద్రంలో మునిగి పనిచేసేవాళ్ళకు గాలి పంపే మిషన్లు చూసేవాడు. ముందురోజు సాయంత్రం చెయ్యి చూసి, “అన్నా, అక్కడ ఒక ఇనుప పెట్టె ఉండాది. డైవర్లు లోతు నుంచి సర్రున పైకొచ్చేస్తే ఒంట్లో గాలి బుడగలు కట్టి మెలికలు తిరిగిపోతారు. వాళ్ళని దాంట్లో పెట్టి ప్రెషరు ఎక్కిస్తారు. నేవీలో పనిచేసి వచ్చిన ఒక డాక్టరు, మానని పుండ్లకి కూడా దాన్నే వాడతాండాడు. అడిగి చూస్తామా?” అన్నాడు.

“అడిగేదేమి? పోతాం పద” అన్నాడు ఆదికేశవులు.

మద్రాసులో ఆ నేవీ డాక్టరు దామోదరం చేతిని తిప్పి తిప్పి చూశాడు. సూదితో ఒక్కో చోటా పొడిచి అడిగాడు. చివరికి గుండ్రంగా మాటలు తిప్పకుండా చెప్పాడు.

“చచ్చిపోయినదాన్ని నేను బతికించలేను. ఈ చిటికెన వేలు కొస, ఈ ఉంగరపు వేలు కొస పోతాయి. ఈ రెండిట్లో సగం ప్రాణం ఉంది. అది అటు పోతుందో ఇటు వస్తుందో, అక్కడ నేను చెయ్యి వేసి చూస్తాను. ఇంత ఆలస్యంగా వచ్చినవాళ్ళకి పనిచేస్తుందని రాసిచ్చే ధైర్యం నాకు లేదు. చలికి పోయిన చెయ్యి ఈ పెట్టెలోకి రావడం ఇదే మొదలు.”

“ఏం చేస్తాది సార్ ఆ పెట్టె?”

“రక్తంలో ఆక్సిజన్ని మోసుకుపోయే కణాలుంటాయి. నీ వేళ్ళలో దారులు వాచి మూసుకుపోయాయి, అవి దూరలేవు. ప్రెషరు పెట్టి, మాస్కులోంచి ఉత్త ఆక్సిజన్ పీల్పిస్తే, అది రక్తంలోని నీళ్ళలోనే కరుగుతుంది. నీళ్ళు ఎంత సన్న సందులోకైనా పోతాయి కదా?”

“ప్రెషరు పెంచితే గాలి నీళ్ళలో కరిగేది నాకు తెలుసు సార్. పన్నెండేండ్లుగా ప్రెషరుతోనే కాపరం.”

డాక్టరు మొదటిసారి నవ్వాడు. ఆ వెంటనే వేళ్ళు మడుస్తూ షరతులు చెప్పాడు. రోజూ రావాలి, ఆదివారం తప్ప. ముప్పై సార్లు. బీడీ ముట్టకూడదు, పొగ సన్న నరాలను బిగించేస్తుంది. పెట్టెలోకి అగ్గిపెట్టె, నైలాను చొక్కా, తలకు నూనె పనికిరావు; ఆక్సిజన్ దగ్గర నూనె ఉంటే చిన్న నిప్పురవ్వకు మనిషి మనిషే మండిపోతాడు. పెట్టె నడిపే అరుణాచలం పక్కనుంచి అందుకున్నాడు. ఈయన పాత డైవరు, గుమ్మిడిపూండి మనిషి. “డాక్టరు మరిచిపోతాడేమో, నేను మరిచిపోను. వాసన చూసి లోపలికి పంపిస్తా.”

ఆదికేశవులు రోజుకు రెండు కట్టలు బీడీలు తాగేవాడు. బయటికి రాగానే జేబులో కట్ట తీసి వరదన్ చేతిలో పెట్టాడు. “నాకు మళ్ళా ఇచ్చినావంటే నీ చేతులు కూడా పెట్టెలో పెట్టాల్సి వస్తాది.”

ఖర్చు ఫ్యాక్టరీ యజమాని చూసుకున్నాడు. రావడం పోవడం మాత్రం ఆదికేశవులు పని. తెల్లవారి మొదటి బస్సుకు తిరువళ్ళూరు, అక్కడి నుంచి కరెంటు రైలు. తిరునిన్రవూరు వచ్చేసరికి బండిలో కాలు పెట్టే చోటుండదు. ఆఫీసులకు పోయేవాళ్ళ టిఫిను క్యారియర్ల మధ్య చెయ్యి ఎత్తిపట్టుకుని నిలబడేవాడు, ఎవరినో ఆగమని పిలుస్తున్నట్టు. ఎవరైనా దారి అడ్డం వస్తే, “చెయ్యి తగిలిందంటే రాలిపోతాది సామీ, జాగ్రత్త” అనేవాడు. దెబ్బకు దారి ఇచ్చేవాళ్ళు.

పెట్టె అంటే పెద్ద బాయిలరు అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంటుంది. లోపల రెండు బల్లలు, గుండ్రటి చిన్న అద్దం. తలుపు బిగించగానే బుస్సున గాలి మొదలవుతుంది. మొదటి రోజు చెవుల్లో మేకులు దిగినట్టయి, వద్దని చెయ్యి ఊపబోయాడు. అద్దంలోంచి అరుణాచలం ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి ఊదమని సైగ చేశాడు. ఊదితే టప్పుమని చెవులు తెరుచుకున్నాయి. లోపల వేడెక్కి చెమటలు పట్టాయి. సముద్రంలో నలభై అయిదు అడుగుల లోతున ఉన్నంత ఒత్తిడి వచ్చాక మాస్కు తగిలించుకున్నాడు. మధ్య మధ్య అయిదు నిమిషాలు మాస్కు తీయడం, మళ్ళీ పెట్టడం. దింపేటప్పుడు వేడంతా పోయి చలేసేది. ఆ చలి తగిలినప్పుడల్లా ఒళ్ళు జలదరించేది. పళ్ళు బిగబట్టి వేళ్ళ వైపు చూస్తూ కూర్చునేవాడు.

అయిదు రోజులు ఏ మార్పూ లేదు. గోవిందమ్మ సణిగింది. “రోజూ పోయి డబ్బాలో కూర్చోనొస్తాండాడు. డబ్బాలో కూర్చుంటే వేళ్ళు మొలుస్తాయా?” ఏడో రోజు తిరుగు రైల్లో, పట్టాభిరాం దాటాక, చూపుడువేల్లో ఎవరో నిప్పు ముట్టించినట్టయింది. ఆదికేశవులు ఒక్కసారిగా అరిచాడు. “నొప్పి పుడతాండాది! సామీ, నొప్పి పుడతాండాది!” ఎదుటి సీట్లో ముసలాయన హడలిపోయి నీళ్ళ సీసా చేతికిచ్చాడు. నొప్పని అరుస్తూ నవ్వుతున్న మనిషిని ఆయన అంతకుముందు చూసి ఉండడు.

మరుసటి రోజు డాక్టరు సూదితో పొడిస్తే చూపుడువేలు రెండో కణుపు దాకా, మధ్యవేలు మొదటి కణుపు దాకా తెలిసింది. “ఇప్పుడు విడవకూడదు. ఒకరోజు తప్పితే తప్పింది, రెండు మూడు రోజులు వరసగా తప్పితే మాత్రం నేనేమీ చెప్పలేను” అన్నాడు.

అసలు చిక్కు వచ్చింది పద్నాలుగో రోజున. అది శనివారం. శనివారం మగవాళ్ళకు తలంటి రోజు. ఆ ఇంట్లో అది ఎవరూ ఆలోచించి చేసే పని కాదు. పొద్దున లేవడం ఎంతో అదీ అంతే. ముందు రెండు శనివారాలూ తను గుర్తుంచుకుని నూనె వద్దన్నాడు. దానికి తోడు ఆదికేశవులు తలమీద జానెడు జుట్టు ఉంది. ఏడాది కిందట కూతురికి విషజ్వరం వచ్చి తగ్గితే, సుబ్రహ్మణ్యస్వామి పండగ ఆడికృత్తిక నాడు తిరుత్తణి కొండ మీద తలనీలాలు ఇస్తానని మొక్కుకుని, అప్పటి నుంచీ కత్తెర తగలనివ్వలేదు. ఆ తెల్లవారుజామున, కొడుకు ఇంకా చాప మీద సగం నిద్రలో ఉండగా, గోవిందమ్మ పెట్టె వేడి తలకెక్కుతుందని గుప్పెడు ఆముదం నడినెత్తిన వేసి మర్దన చేసింది. హాయిగా ఉంటే ఇతనూ ఊరుకున్నాడు. శీకాయతో రుద్ది పోసింది. పోయిందనుకున్నారు ఇద్దరూ.

అరుణాచలం తల దగ్గర ముక్కు పెట్టి వెనక్కి తగ్గాడు.

“ఏమిది?”

ఆదికేశవులు తల తడుముకున్నాడు. అప్పుడుగానీ శనివారమని గుర్తురాలేదు. “అయ్యో! అమ్మ... శీకాయ పెట్టి రుద్దింది అన్నా.”

“ఆముదం శీకాయకి పోతాదా? ఈ జడలో అరసేరు ఉంటాది. నిన్ను లోపలికి పంపితే నీతో పాటు ఇంకొకాయన కూడా మాడిపోతాడు. పొయ్యి మంగళారం రా.”

“మంగళారమా? సోమారం?”

“సోమారం ఓడ మనుషులకి పెట్టె రాసిచ్చేసినారు.”

అంటే ఈ రోజు, ఆదివారం, సోమవారం. మూడు రోజులు. ఆదికేశవులు గడియారం వైపు తిరిగాడు. “ఎంతసేపుంది మొదలుపెట్టేదానికి?”

“గంట. ఆ ఇంకొకాయన వచ్చేదాకా.”

కొళాయి కింద తలపెట్టి ఎడమచేత్తోనే బట్టల సబ్బు రుద్దాడు. మూడుసార్లు. అరుణాచలం ఒక వెంట్రుక పాయ పట్టి వేళ్ళమధ్య లాగి చూపించాడు. ఇంకా జారుతూనే ఉంది. గోడ గడియారం చూస్తే ముప్పై అయిదు నిమిషాలు.

రేవు గోడ పక్కన నీడలో ఒక మంగలి అద్దం తగిలించుకుని కూర్చుని ఉంటాడు. ఆదికేశవులు వెళ్ళి పీట మీద కూర్చున్నాడు.

“గుండు కొట్టు. బిరీన.”

మంగలి జుట్టు చూసి ఆగాడు. “ఇది మొక్కు జుట్టు మాదిరి ఉండాదే. ఏ సామికి?”

“తిరుత్తణి.”

“అయితే నేను కత్తి పెట్టనప్పా. కొండ మీద తియ్యాల్సింది రోడ్డు మీద తీస్తే ఆ పాపం నాకెందుకు? నేను కూడా ఏటేటా కొండెక్కేవాణ్ణే.”

ఆదికేశవులు కట్టు విప్పి చెయ్యి అతని ముఖం ముందు పెట్టాడు. నల్లగా ఎండిన రెండు వేళ్ళు, పొలుసులు ఊడి లోపల లేత ఎరుపు తిరుగుతున్న రెండు వేళ్ళు.

“చూసినావా? ఈ రెండూ పొయ్యినాయి. ఈ రెండూ ఉంటాయో పోతాయో ఈ అరగంటలో ఉండాది. సామితో నేను మాట్లాడుకుంటా. నువ్వు నీ కత్తి సంగతి చూడు.”

మంగలి ఒక్క క్షణం ఆ వేళ్ళనే చూశాడు. తరువాత పీటను ఆదికేశవులుతో సహా పడమటి వైపుకి తిప్పాడు. “కొండ ఇటుపక్క. దణ్ణం పెట్టుకో” అని కత్తి నూరాడు. తీసిన జుట్టు ఒక్క పోగు కూడా నేలమీద పడనీయకుండా ఆదికేశవులు ఒడిలో తుండు పరుచుకున్నాడు. మంగలి చివరగా సబ్బునురగ పెట్టి గుండు మళ్ళీ ఒకసారి గీసి, కడిగాడు. కూలి తీసుకోలేదు.

అరుణాచలం నున్నటి తల మీద ముక్కు పెట్టి వాసన చూశాడు, అరచేత్తో రుద్ది చూశాడు.  తలుపు తెరిచి పట్టుకున్నాడు. పద్నాలుగో రోజు తప్పలేదు.

సాయంత్రం గుండుతో, జుట్టు మూటతో ఇంటికి వచ్చిన కొడుకును చూసి గోవిందమ్మ చేతిలోని చెంబు కింద పెట్టేసింది. మూట విప్పి చూసి గుండె బాదుకుంది. “సామి సొత్తురా అది! నడిరోడ్డు మీద తీయించుకున్నావా? బిడ్డకి మళ్ళా ఏమన్నా అయితే?”

“తియ్యకపోతే మూడు దినాలు పొయ్యుండు.”

“అయితే పోనీ! వేళ్ళ కోసరం సామిని మోసం చేస్తావా?”

“మోసమెట్లయ్యిందమ్మా? వెంట్రుకలు సామివి, ఒక్కటి కింద పడకుండా మూటలో ఉండాయి. వేళ్ళు నావి, అవి నేను చూసుకుంటాండా. కొండెక్కి ఆయనకి నేనే చెప్తా.”

పుష్పవల్లి ఈసారి అత్తతో తగువు పెట్టుకోలేదు. “ఆముదం ఎవురు పెట్టినారో అదన్నా సామికి చెప్తావా మామా?” అని మాత్రం మెల్లిగా అడిగింది. ఆదికేశవులు ఆమెను కంటితోనే ఆపాడు. కానీ ఆ మాట ముసలమ్మ చెవిన పడనే పడింది.  ఆమె లేచి మూటకు పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టింది. మరునాటి నుంచి ఆ ఇంట్లో ఆముదం సీసా దూలం మీదికి ఎక్కింది.

ముప్పై సార్లూ పూర్తయ్యాయి. చూపుడువేలు, మధ్యవేలు నిలబడ్డాయి. గోళ్ళు ఊడి, వంకరగా కొత్తవి వచ్చాయి. మిగతా రెండిటి కొసలూ ఎండుపుల్లల్లా అయి, ఎక్కడి దాకా చచ్చాయో గీత గీసినట్టు తేలాక, సెప్టెంబరులో డాక్టరు వాటిని తీశాడు. చిటికెన వేలిలో రెండు కణుపులు, ఉంగరపు వేలిలో ఒకటి. మొదట పోతాయన్నవి నాలుగు వేళ్ళు.

అంతకు ముందే ఆడికృత్తిక వచ్చింది. ఆదికేశవులు పూల కావడి కుడి భుజం మీద పెట్టుకుని, మూడు వేళ్ళతో దాన్ని పట్టుకుని, అరోహరా అంటూ మెట్లెక్కాడు. వెనకాల గోవిందమ్మ పసుపు మూట పట్టుకుని ఎక్కింది. పైన కల్యాణకట్ట దగ్గర మూట అప్పజెప్పి, రెండు నెలల్లో పెరిగిన కొడుకు జుట్టు తీశాక, మంగలి లేవబోతుంటే ఆమె వచ్చి పీట మీద కూర్చుంది.

“నీకెందుకమ్మా?” అన్నాడు కొడుకు.

“నూనె నాది. తవుడూ నాదే. నువ్వు ఊరుకోరా” అని తల వంచింది.

అక్టోబరులో ఆదికేశవులు మళ్ళీ కంప్రెసర్ ముందు నిలబడ్డాడు. చలి తగిలితే నిలబడ్డ ఆ రెండు వేళ్ళూ ఇప్పటికీ సలుపుతాయి. వాటి మీద ఉన్ని గుడ్డ తొడుగు వేసుకుంటాడు, పైపు తాకి చూసేటప్పుడు మాత్రం తీసేస్తాడు. గేటు దగ్గరి స్టూలు మీద ఇంకెవరో కూర్చుంటున్నారు.

ఈ కథంతా ఆదికేశవులే, రాసుకోవడానికి వచ్చిన ఒకతనికి కంప్రెసర్ చప్పుడులో అరిచి అరిచి చెప్పాడు. విన్నవాడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని లేస్తుంటే, కొసలు పోయిన ఆ చేత్తో అతని భుజం పట్టి ఆపాడు.

“రాసేది నీకొచ్చు గదా తమ్ముడూ. ఆ కథ ఎప్పుడన్నా రాసుకో. ముందు నాకు ఒక బోర్డు రాసిపెట్టు, ఆ వాల్వు కాడ తగిలించేదానికి. తడి గుడ్డ చుట్టి వాల్వు తిప్పొద్దు. అమోనియా పడితే నీళ్ళు పోస్తానే ఉండు, అంటుకున్న గుడ్డ పీకొద్దు. చెయ్యి తెల్లగా అయితే రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు, నేరుగా పెద్దాసుపత్రికి పో. పైన అరవంలో పెద్దగా రాయి, మా పిల్లకాయలకి అదే చదవనొస్తాది. కింద తెలుగులో రాయి, నాకోసరం. తవుడు అనే మాట తప్పకుండా వెయ్యి. ఎవురు పెట్టినారనేది మాత్రం బోర్డులో వెయ్యొద్దు.”